వేలు జారింది, మెయిల్ వెళ్లింది: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఒడిశా సరిహద్దులో పర్లాకిమిడి నుంచి జయపురం దాకా ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే గోడు: పంపాలనుకోని మెయిల్ కంప్యూటర్లోంచి వెళ్లిపోయింది. అందుకని ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చాం. ఫోన్ యాప్‌ల జోలికి పోవడం లేదు. కంప్యూటర్లో మెయిల్ పంపే థండర్‌బర్డ్, అవుట్‌లుక్ ప్రోగ్రాముల వరకే. అవుట్‌లుక్ అన్నచోట, వేరే చెప్పకపోతే, పాత ‘క్లాసిక్’ అవుట్‌లుక్ అనుకోండి.

ప్రశ్న: మాది డీటీపీ సెంటరు. కలెక్టరాఫీసుకి పెట్టే అర్జీలు తెలుగు, ఒడియా, ఇంగ్లీషుల్లో టైపు చేసి థండర్‌బర్డ్‌లోంచి పంపుతాం. మా కుర్రాడు టైపు చేస్తూండగానే సగం అర్జీ వెళ్లిపోతోంది. సెండ్ బటన్ ముట్టుకోలేదని ఒట్టేస్తున్నాడు. ఇది వైరస్సా మాస్టారూ? (పర్లాకిమిడి)

జవాబు: కుర్రాడిని తిట్టకండి, అతను చెప్పింది నిజమే అయుంటుంది. కంట్రోల్, ఎంటర్ కలిపి నొక్కితే థండర్‌బర్డ్‌లోనూ అవుట్‌లుక్‌లోనూ మెయిల్ వెళ్లిపోతుంది. చిక్కేమిటంటే అదే జంట వర్డ్‌లో కొత్త పేజీ మొదలుపెడుతుంది. ఎక్సెల్‌లో ఎంచుకున్న గడులన్నిటిలో ఒకే విలువ నింపుతుంది. టాలీలో వోచర్ వేస్తూ లెడ్జర్ సవరించడానికి పనికొస్తుంది. పొద్దున్నుంచి వర్డ్‌లో పేజీలు విరగ్గొట్టిన చెయ్యి మెయిల్‌లోకి వచ్చాక కూడా అదే పని చేస్తుంది.

థండర్‌బర్డ్ నిజానికి మొదటిసారి ఆపి అడుగుతుంది, ఈ మెయిల్ పంపడానికి సిద్ధమేనా అని. ఆ పెట్టెలోనే ‘మళ్లీ అడగొద్దు’ అనే టిక్కు ఒకటి ఉంటుంది. ఎవరో ఒకరు ఎప్పుడో విసుగొచ్చి టిక్కు పెట్టేసి ఉంటారు. దాన్ని వెనక్కి తేవడానికి సెట్టింగ్స్ తెరిచి, ఎడమవైపు కంపోజిషన్ నొక్కండి. ‘కన్ఫర్మ్ వెన్ యూజింగ్ కీబోర్డ్ షార్ట్‌కట్ టు సెండ్ మెసేజ్’ అనే వరుసలో టిక్కు పెట్టండి. మీ సెంటర్లో ఎన్ని కంప్యూటర్లుంటే అన్నిటిలో విడివిడిగా పెట్టాలి. ఇది కీబోర్డు దారికే కాపలా అని గుర్తుంచుకోండి. మౌస్‌తో సెండ్ నొక్కితే అడగదు.

అవుట్‌లుక్ వాడేవారికి: ఫైల్, ఆప్షన్స్, మెయిల్ లోకి వెళ్లి కిందికి జరిపితే ‘సెండ్ మెసేజెస్’ అనే భాగం వస్తుంది. అందులో ‘కంట్రోల్ ప్లస్ ఎంటర్ సెండ్స్ ఎ మెసేజ్’ ఎదుట టిక్కు తీసేయండి. అయితే ఆల్ట్+ఎస్ కూడా మెయిల్ పంపుతుంది, ఈ టిక్కు తీసినా అది ఆగదు. దానికి మందు కింద జయపురం వారి జవాబులో ఉంది.

ఇవన్నీ చేశాక కూడా, కంట్రోల్ నొక్కలేదు, వట్టి ఎంటరే నొక్కానని కుర్రాడు అంటే రెండు చూడండి. ఒకటి స్టికీ కీస్. షిఫ్ట్‌ని వరసగా అయిదుసార్లు కొడితే విండోస్ దీన్ని ఆన్ చేయమంటారా అని అడుగుతుంది. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు పద్ధతిలో ఒత్తక్షరాలకీ అచ్చులకీ షిఫ్ట్ కావాలి కాబట్టి, అక్షరం కోసం తడుముకునేవారి వేలు షిఫ్ట్ మీదే కొట్టుకుంటూ ఉంటుంది. ఆ పెట్టె రాగానే చదవకుండా ఎంటర్ కొడతారు. ఆన్ అయిపోతుంది. ఆ తర్వాత కంట్రోల్‌ని ఒక్కసారి తాకి వదిలేసినా అది తర్వాతి కీ దాకా నొక్కినట్టే ఉండిపోతుంది. ఆ తర్వాతి కీ ఎంటర్ అయితే అర్జీ కలెక్టరాఫీసుకి చేరినట్టే. విండోస్ 11లో సెట్టింగ్స్, యాక్సెసిబిలిటీ, కీబోర్డ్, స్టికీ కీస్ లోకి వెళ్లి, దాన్నీ, దాని కింద ఉన్న షార్ట్‌కట్‌నీ రెండింటినీ ఆపండి. షార్ట్‌కట్ ఆపకపోతే వారం తిరక్కుండా మళ్లీ ఆన్ అవుతుంది.

రెండోది, కంట్రోల్ కీ నిజంగానే ఇరుక్కుపోవడం. విండోస్ కీ, కంట్రోల్, ఓ మూడూ కలిపి నొక్కితే తెర మీద కీబోర్డు బొమ్మ వస్తుంది. ఏమీ ముట్టుకోకుండా చూడండి. కంట్రోల్ వెలిగి ఉంటే ఆ కీ కింద దుమ్మో టీ మరకో ఉంది. కీబోర్డు ప్లగ్ తీసి, కీ పైకి లేపి, తుడిచి ఆరబెట్టండి. అప్పటికీ వెలుగుతూనే ఉంటే కొత్త కీబోర్డు కొనడమే చవక.

ప్రశ్న: రాయగడలో హార్డ్‌వేర్ షాపు. పార్వతీపురం పార్టీకి పంపాల్సిన కొటేషన్ ఇంకో పార్టీకి పోయింది. అవుట్‌లుక్‌లో ‘రీకాల్’ కోసం వెతికాను, కనబడలేదు. జీమెయిల్‌లో అయితే వెనక్కి తీసుకోవచ్చని మా అబ్బాయి అంటున్నాడు. నాదీ జీమెయిలే, అవుట్‌లుక్‌లో పెట్టుకున్నాను. ఏం చెయ్యాలి?

జవాబు: మీ అబ్బాయి చెప్పింది జీమెయిల్‌ని బ్రౌజర్లోనో దాని యాప్‌లోనో వాడేవారికి. అక్కడ సెండ్ నొక్కాక 5, 10, 20 లేదా 30 సెకన్లు (సెట్టింగ్‌లో పెట్టుకున్నదాన్నిబట్టి) గూగుల్ తన దగ్గరే ఆపి ఉంచుతుంది. ‘అన్‌డూ’ అంటే ఆపి ఉంచినదాన్ని పంపకపోవడమే తప్ప, వెళ్లినదాన్ని లాక్కురావడం కాదు. అవుట్‌లుక్ మెయిల్‌ని ఎస్ఎంటీపీ (మెయిల్ పంపే నియమాలు) పద్ధతిలో సర్వర్‌కి అందిస్తుంది. చివర సర్వర్ ‘250’ అనే సంఖ్యతో జవాబిస్తుంది. అంటే తీసుకున్నాను, ఇక బాధ్యత నాది అని. 1982లో రాసుకున్న ఎస్ఎంటీపీ నియమాల్లో 250 తర్వాత వెనక్కి ఇమ్మని అడిగే ఆదేశమే లేదు.

అవుట్‌లుక్‌లో రీకాల్ ఉన్నమాట నిజం. పంపినవారూ అందుకున్నవారూ ఒకే సంస్థలో, మైక్రోసాఫ్ట్ ఎక్స్చేంజ్ లేదా మైక్రోసాఫ్ట్ 365 ఖాతాల్లో ఉన్నప్పుడే అది పనిచేస్తుంది. మీకు కనబడకపోవడం మంచిదే అయింది. అది ఉన్నవాళ్లు బయటి చిరునామాకి ప్రయోగిస్తే, ‘ఫలానావారు ఈ మెయిల్‌ని వెనక్కి తీసుకోవాలనుకుంటున్నారు’ అని అవతలివారికి ఇంకో మెయిల్ పోతుంది. దాంతో చదవనివాడు కూడా వెతికి చదువుతాడు.

వెళ్లిపోతున్న మెయిల్‌ని ఆపగల సందర్భం ఒకటుంది: పెద్ద జత ఫైలు. మెయిల్‌లో పెట్టిన ఫైలు దారిలో దాదాపు మూడోవంతు ఉబ్బుతుంది. 15 ఎంబీ ఫైలు సుమారు 20 ఎంబీ అవుతుంది. మీ లైను సెకనుకి 2 మెగాబిట్లు ఎక్కించగలిగితే అది పోవడానికి 80 సెకన్లు పడుతుంది. ఆ లోపల నెట్ కేబుల్ పీకేయండి, లేదా వైఫై ఆపేయండి. మెయిల్ అయిపోయిందని చెప్పే చివరి చుక్క గుర్తు అందకపోతే సర్వర్ అప్పటిదాకా వచ్చినదాన్ని పారేస్తుంది, అవతలివారికి సగం మెయిల్ కూడా వెళ్లదు. కానీ ఆ మెయిల్ మీ అవుట్‌లుక్ అవుట్‌బాక్స్‌లోనే కూర్చుని ఉంటుంది. కేబుల్ తిరిగి పెట్టగానే బయల్దేరుతుంది. కాబట్టి ముందు సెండ్/రిసీవ్ ట్యాబ్‌లో ‘వర్క్ ఆఫ్‌లైన్’ నొక్కి, అవుట్‌బాక్స్‌లోంచి దాన్ని తీసేసి, అప్పుడు కేబుల్ పెట్టండి. నాలుగు వాక్యాల ఉత్తరానికి ఈ ఉపాయం పనికిరాదు, అది రెప్పపాటులో పోతుంది.

ఫైలుని జత చేయకుండా వన్‌డ్రైవ్ లేదా గూగుల్ డ్రైవ్ లింకుగా పంపి ఉంటే మీ అదృష్టం. అక్కడికి వెళ్లి ఆ ఫైలు షేరింగ్ ఆపేయండి, అవతలివారికి లింకు మిగులుతుంది, ఫైలు తెరుచుకోదు. ధరలున్న కాగితాలు లింకుగా పంపడమే మేలని మా అభిప్రాయం.

ఇవేవీ కుదరకపోతే, మొదట ఫోన్ చేయండి. తర్వాత పాత మెయిల్‌కి జవాబుగా కాకుండా కొత్తగా చిన్న మెయిల్ రాయండి. సబ్జెక్టులో ‘పొరపాటున వచ్చిన కొటేషన్, దయచేసి తొలగించండి’ అని పెట్టండి. జవాబుగా రాస్తే ఆ కొటేషనే మళ్లీ కింద వేలాడుతూ వెళ్తుంది. సరైన పార్టీకి పంపేముందు పన్ను వరస ఇంకోసారి చూసుకోండి: పార్వతీపురం ఆంధ్రాలోది, సరుకు అక్కడికి పంపుతున్నారంటే ఐజీఎస్‌టీ, రాయగడ పార్టీకి అయితే సీజీఎస్‌టీ, ఎస్‌జీఎస్‌టీ. పార్టీ మారిన కొటేషన్లలో ఈ తప్పు కూడా వెంట వస్తుంటుంది. బ్యాంకు పాస్‌వర్డు, పిన్ వంటివి పొరపాటున పోతే తొలగించమని బతిమాలుకుంటూ కూర్చోకండి, అవి వెంటనే మార్చేయండి.

ప్రశ్న: జయపురంలో రైస్ మిల్లు లెక్కలు చూస్తాను. సెండ్ నొక్కాక అయిదు నిమిషాలైనా మెయిల్ ఆగేటట్టు అవుట్‌లుక్‌లో పెట్టుకోవచ్చా అండి?

జవాబు: పెట్టుకోవచ్చు. ఈ సంచికలో అందరికీ మేము చెప్పదలుచుకున్న మందు ఇదే. వెళ్లాక వెనక్కి తేలేం కాబట్టి, వెళ్లకముందే మన గడపలో ఒక చెక్‌పోస్టు పెట్టుకోవాలి. ఆ చెక్‌పోస్టు పేరు అవుట్‌బాక్స్.

హోమ్ ట్యాబ్‌లో రూల్స్, ‘మేనేజ్ రూల్స్ అండ్ అలర్ట్స్’, ‘న్యూ రూల్’ నొక్కండి. అడుగున ఖాళీ రూల్ కింద ‘అప్లై రూల్ ఆన్ మెసేజెస్ ఐ సెండ్’ ఎంచుకుని నెక్స్ట్. తర్వాతి తెరలో షరతులేవీ టిక్కు పెట్టకుండా నెక్స్ట్ నొక్కితే, ‘మీరు పంపే ప్రతి మెయిల్‌కీ వర్తిస్తుంది, సరేనా’ అని అడుగుతుంది. యస్. ఇప్పుడు ‘డిఫర్ డెలివరీ బై ఎ నంబర్ ఆఫ్ మినిట్స్’ ఎదుట టిక్కు పెట్టి, కింద నీలంగా ఉన్న మాట నొక్కి 5 వేయండి. 120 నిమిషాల దాకా పెట్టుకోవచ్చు. మిల్లుకి అయిదు చాలు. పదిహేను పెడితే అవతలివారు ‘ఇంకా రాలేదు’ అని ఫోన్లు చేస్తారు, మీరు రూల్ తీసేస్తారు. తర్వాతి తెరలో మినహాయింపులుంటాయి. అక్కడ ‘ఎక్సెప్ట్ ఇఫ్ ఇట్ ఈజ్ మార్క్‌డ్ యాజ్ ఇంపార్టెన్స్’ తీసుకుని ‘హై’ పెట్టండి. అప్పుడు నిజంగా తొందరున్న మెయిల్‌కి ఎర్ర ఆశ్చర్యార్థకం గుర్తు నొక్కితే ఆగకుండా పోతుంది. రూల్‌కి పేరు పెట్టి ఫినిష్.

ఇక్కడ జనం పడే గోతులు రెండు. మొదటిది, అయిదు నిమిషాలు లెక్కపెట్టేది మీ కంప్యూటరే, సర్వర్ కాదు. సాయంత్రం ఆఖరి మెయిల్ కొట్టి వెంటనే షట్‌డౌన్ చేస్తే అది అవుట్‌బాక్స్‌లో నిద్రపోతుంది, మర్నాడు అవుట్‌లుక్ తెరిచాకే లేస్తుంది. కరెంటు పోయినా అంతే. తాళం వేసేముందు అవుట్‌బాక్స్ పక్కన అంకె లేదని చూసుకోండి. రెండోది, అవుట్‌బాక్స్‌లో ఆగిన మెయిల్‌ని ‘ఒకసారి చూద్దాం’ అని తెరిచి మూసేయడం. పంపడానికి సిద్ధంగా ఉన్న మెయిల్ వాలు అక్షరాల్లో కనిపిస్తుంది. తెరిచి మూస్తే అక్షరాలు నిలువుగా మారతాయి. అంటే ఇక అది వెళ్లదు. తెరిస్తే మళ్లీ సెండ్ నొక్కాల్సిందే.

కొత్త అవుట్‌లుక్‌లో సెట్టింగ్స్, మెయిల్, ‘కంపోజ్ అండ్ రిప్లై’లో ‘అన్‌డూ సెండ్’ ఉంటుంది, గరిష్ఠం 10 సెకన్లు. ఏమీ లేకపోవడం కంటే నయం.

థండర్‌బర్డ్‌కి ఇలాంటి రూల్ లేదు. ‘సెండ్ లేటర్’ అనే యాడ్-ఆన్ పెట్టుకుంటే ప్రతి మెయిల్‌నీ మీరు చెప్పినన్ని నిమిషాలు ఆపుతుంది. యాడ్-ఆన్ వద్దనుకుంటే, ఆల్ట్ నొక్కి మెనూ తెచ్చుకుని ఫైల్, ఆఫ్‌లైన్, ‘వర్క్ ఆఫ్‌లైన్’ పెట్టండి. రాసినవన్నీ అవుట్‌బాక్స్‌లో చేరతాయి. గంటకోసారి చూసుకుని, ఆన్‌లైన్‌కి వచ్చి ‘సెండ్ అన్‌సెంట్ మెసేజెస్’ కొట్టండి. ఆఫ్‌లైన్‌లో ఉన్నంతసేపు కొత్త మెయిళ్లు రావు, అది దీని ఖరీదు.

ప్రశ్న: గుణుపురం. పాస్‌వర్డు సరిచేశాక, మూడు నెలల కిందటి మెయిళ్లు నాలుగు ఇవాళ వాటంతటవే వెళ్లాయి. అందులో ఒకటి మేము పంపకూడదని నిర్ణయించుకున్నది!

జవాబు: వాటంతటవి కాదు, మూడు నెలలుగా అవుట్‌బాక్స్‌లో కూర్చుని ఉన్నాయి. పాస్‌వర్డు తప్పు కాబట్టి సర్వర్ లోపలికి రానివ్వలేదు, మీరు సరిచేయగానే గేటు తెరుచుకుంది. థండర్‌బర్డ్‌లో అయితే ఇంకో కారణం కూడా ఉండొచ్చు: కంట్రోల్, షిఫ్ట్, ఎంటర్ మూడూ కలిపి కొడితే మెయిల్ వెళ్లకుండా అవుట్‌బాక్స్‌లో పడుతుంది. పంపిన మనిషికి వెళ్లిందనే భ్రమ.

ఇకమీదట ఖాతా మరమ్మతు ఏది చేసినా, ముందు నెట్ ఆపి అవుట్‌బాక్స్ తెరవండి. అక్కర్లేనివి తొలగించండి, సందేహమున్నవి డ్రాఫ్ట్స్‌లోకి లాగి పడేయండి. థండర్‌బర్డ్‌లో ‘ఎడిట్ యాజ్ న్యూ మెసేజ్’ వాడితే జాగ్రత్త: అది నకలు తీస్తుంది, అసలుది అవుట్‌బాక్స్‌లోనే ఉంటుంది. దిద్దినది పంపి అసలుదాన్ని మరిచిపోతే రెండూ పోతాయి. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్, డిస్క్ స్పేస్ భాగంలో ‘ఆఫ్‌లైన్’ బటన్ కింద, ఆన్‌లైన్‌కి వచ్చినప్పుడు ఆగిన మెయిళ్లు పంపాలా అనే ప్రశ్నకి ‘ఆస్క్ మీ’ పెట్టండి.

ప్రశ్న: బరంపురంలో పట్టుచీరల వ్యాపారం. ‘పాత్రో’ అని కొడితే నేననుకున్న పాత్రో గారి బదులు ఇంకో పాత్రో గారు వస్తున్నారు. రెండుసార్లు ధరల పట్టీ వేరే షాపుకి పోయింది.

జవాబు: మన సరిహద్దులో పాత్రోలు, సాహులు, పండాలు, రావులు ఇంటికొకరు. ప్రోగ్రాముకి ఇంటిపేరుతో పనిలేదు. తన దగ్గరున్న చిరునామాల్లోంచి పోలిన దాన్ని ముందుకి తోస్తుంది. మీరు ఎంటరో ట్యాబో కొట్టగానే అది ఖాయమైపోతుంది.

అవుట్‌లుక్‌లో ‘టు’ గడిలో పాత్రో అని కొట్టి, వచ్చిన జాబితాలో అక్కర్లేని పేరు చివర ఉన్న ఇంటూ గుర్తు నొక్కండి. ఆ ఒక్క పేరే పోతుంది, చిరునామాల పుస్తకానికి ఏమీ కాదు. మొత్తం జాబితా ఖాళీ చేసే బటన్ కూడా ఆప్షన్స్‌లో ఉంది కానీ ఒక్క పాత్రో గారి కోసం అందరినీ తుడిచేయకండి. థండర్‌బర్డ్‌లో ఆ పేరు ‘కలెక్టెడ్ అడ్రసెస్’లో చేరి ఉంటుంది. అడ్రస్ బుక్ తెరిచి అక్కడ తొలగించండి. సెట్టింగ్స్, కంపోజిషన్, అడ్రసింగ్‌లో ‘పంపిన చిరునామాలు దానంతటదే చేర్చు’ అనే టిక్కు తీసేస్తే కొత్తవి పోగవ్వవు.

పేర్లకి ఊరు కలపండి: ‘పాత్రో బరంపురం షాపు’, ‘పాత్రో ఇచ్ఛాపురం’. అన్నిటికంటే గట్టిది, ‘టు’ గడి ఆఖర్న నింపడం. ముందు ఫైలు జత చేయండి, తర్వాత ఉత్తరం, తర్వాత సబ్జెక్టు, చిట్టచివర చిరునామా. గడి ఖాళీగా ఉన్నంతవరకు కంట్రోల్+ఎంటర్ కొట్టినా మెయిల్ ఎక్కడికీ పోదు. జవాబు రాసేటప్పుడు గడి ముందే నిండి ఉంటుంది కాబట్టి, ధరలున్న జవాబైతే చిరునామా తుడిచేసి మొదలుపెట్టండి.

ప్రశ్న: సెంట్ ఫోల్డర్లో ప్రతి మెయిల్ రెండేసి కనిపిస్తోంది. పార్టీకి రెండుసార్లు పోతోందా? (కాశీనగరం)

జవాబు: జీమెయిల్ ఖాతాని థండర్‌బర్డ్‌లో ఐమ్యాప్‌గా (మెయిళ్లు సర్వర్ మీదే ఉంచి చూసుకునే పద్ధతి) పెట్టుకుంటే చాలావరకు పోదు. జీమెయిల్ తనంతట తాను సెంట్‌లో ఒక నకలు ఉంచుకుంటుంది, థండర్‌బర్డ్ ఇంకోటి పెడుతుంది. అకౌంట్ సెట్టింగ్స్, ‘కాపీస్ అండ్ ఫోల్డర్స్’లో ‘ప్లేస్ ఎ కాపీ ఇన్’ టిక్కు తీసేయండి.

నిజంగా రెండుసార్లు పోయే సందర్భం వేరు. మెయిల్ వెళ్లిపోయాక సెంట్‌లో నకలు పెట్టేటప్పుడు నెట్ తెగితే ఒక హెచ్చరిక వస్తుంది: మెయిల్ వెళ్లింది, నకలు మాత్రం పెట్టలేకపోయాను అని. ఎర్రగా ఏదో రాగానే జనం మళ్లీ సెండ్ కొడతారు. అక్కడ ‘రీట్రై’ అంటే నకలు పెట్టడానికే, పంపడానికి కాదు. ఎడతెగే లైనున్న ఊళ్లలో ఇది తరచూ వస్తుంది, ఆ పెట్టె చదివి నొక్కండి.

ప్రశ్న: నేను పంపని మెయిళ్లు ‘చేరలేదు’ అని రోజూ ఇరవై దాకా వెనక్కి వస్తున్నాయి. మా కంప్యూటర్ దొంగచాటుగా పంపుతోందా? (కొరాపుట్)

జవాబు: రెండింటిలో ఒకటి. మీ చిరునామాని ‘ఫ్రమ్’ గడిలో రాసుకుని ఇంకెవరో పంపుతుండొచ్చు, కవరు మీద ఎవరి పేరైనా రాయొచ్చు కదా, అలాగ. లేదా మీ ఖాతాలోకే ఎవరో దూరి ఉండొచ్చు. తేల్చుకోవడానికి, తిరిగొచ్చిన మెయిల్‌ని థండర్‌బర్డ్‌లో తెరిచి కంట్రోల్+యు కొట్టండి. లోపల అసలు మెయిల్ వివరాలుంటే, అందులో ‘రిసీవ్డ్’ అని మొదలయ్యే వరసల్లో అన్నిటికంటే అడుగుది చూడండి. మీ మెయిల్ కంపెనీ సర్వర్ పేరు ఆ వరసల్లో ఎక్కడా లేకపోతే మొదటి రకం. మీ కంప్యూటర్లో మరమ్మతు చేయాల్సిందేమీ లేదు, కొన్నాళ్లకి తగ్గుతుంది.

ఉంటే రెండో రకం. జీమెయిల్‌ని బ్రౌజర్లో తెరిచి, కింద కుడి మూల ‘డిటెయిల్స్’ నొక్కి, మీరు వెళ్లని చోటు నుంచి ఎవరైనా లోపలికి వచ్చారేమో చూడండి. పాస్‌వర్డు మార్చండి, రెండంచెల తనిఖీ పెట్టండి, మెయిల్ ప్రోగ్రాముల కోసం విడిగా తీసుకున్న పాత పదహారక్షరాల యాప్ పాస్‌వర్డులు తొలగించండి. జనం మరిచిపోయేది సెట్టింగ్స్‌లోని ‘ఫార్వార్డింగ్’, ‘ఫిల్టర్స్’. దూరినవాడు అక్కడ తన చిరునామా పెట్టి పోతాడు, పాస్‌వర్డు మార్చినా మీ మెయిళ్లు అతనికి వెళ్తూనే ఉంటాయి.

‘చేరలేదు’ అని కాకుండా, అవతలివారు ‘మీరు చదివినట్టు రసీదు వచ్చింది’ అంటే అది వేరు. థండర్‌బర్డ్ సెట్టింగ్స్‌లో ‘రిటర్న్ రిసీట్స్’ నొక్కి, రసీదు అడిగినప్పుడు ఎప్పుడూ పంపొద్దని పెట్టండి.